బూడిద పొరలో పేరు

మట్టిగోడ కూలి మనిషి చనిపోయాడని పోలీసులు రాసుకున్నారు. అలాంటి గోడ దానంతటది కూలదని తండ్రి అన్నాడు. ఈ రెండింటిలో ఏది నిజమైనా చివరికి మిగిలేది కొడుకు లేని ఆ తండ్రేనని డిటెక్టివ్‌కి మొదటి రోజే తెలుసు. అయినా కేసు ఒప్పుకున్నాడు.

ఆ డిటెక్టివ్‌ని అందరూ నిదానం అంటారు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు పై అధికారి విసుగ్గా పెట్టిన పేరది. ఉద్యోగం వదిలేశాడు గానీ పేరు అతన్ని వదల్లేదు.

చర్చి వెనక పాస్టరు గారి గదిలో ఒక మంచం, ఒక బల్ల, గోడ పొడుగునా పుస్తకాలు. బల్ల మీద పోలీసులు ఇచ్చిన కవరు అంటించింది అంటించినట్టే ఉంది. ముసలాయన చెయ్యి దాని పక్కనే ఉంది. దాని మీద మాత్రం లేదు.

“ఇంకా తెరవలేదా?” అన్నాడు నిదానం.

“మా చంటిగాడి వస్తువులు బాబూ. తెరిస్తే అయిపోతుంది కదా. అది అలా ఉన్నంతసేపూ వాడి దగ్గర్నుంచి నాకు రావాల్సింది ఇంకా ఏదో ఉందనిపిస్తోంది.”

నలభై దాటిన కొడుకుని ఆయన ఇంకా చంటిగాడనే అంటున్నాడు. ఊరి బయటి దిబ్బ మీద తవ్వకాల్లో ఆ కొడుకు పెద్ద సూపర్‌వైజరు. పోయిన వారం, పనికి సెలవైన రోజు, తను తవ్వించిన గోతిలోనే పక్కగోడ మీద పడి చనిపోయాడు.

“మెసేజ్ ఇంకోసారి చూపించండి.”

పాస్టరు గారు ఫోను తీసి, చదవకుండానే అతని వైపు తిప్పాడు. ఆయనకి అది కంఠతా వచ్చు. *నాన్నా, బూడిదలో రాజు పేరు దొరికింది. మీరు చెప్పిందే నిజం. మీరే గెలిచారు. ఈ వారం ఇంటికొస్తాను, కూర్చుని మాట్లాడుకుందాం.*

“ఎన్నాళ్ళకి రాశాడండీ?”

“మా ఇద్దరికీ మాటలు లేక ఆరేళ్ళు. ఆ బూడిద గురించే.” ముసలాయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకోబోయి, మానేసి మళ్ళీ పెట్టుకున్నాడు. “ఆ దిబ్బ మీద ఉన్న ఊరిని ఫలానా రాజు కాల్చేశాడని బైబిల్లో ఉంది. నేను యాభై ఏళ్ళుగా అదే చెప్తున్నాను. వయసులో ఉన్నప్పుడు అదే దిబ్బ మీద కూలి తీసుకోకుండా పనికి వెళ్ళి తట్టలు మోశాను, ఆ బూడిద కళ్ళారా చూడాలని. వీడికి ఆ కథలు చెప్పే పెంచాను. వాడు పెద్ద చదువు చదివి వచ్చి, ఆ బూడిదలో కాలిన గింజలు ఏరి ల్యాబ్‌కి పంపాడు. మంట ఆ రాజు పోయిన వందేళ్ళ తర్వాతిదని తేలింది. పేపర్లలో వేయించాడు.”

“మీరు పొమ్మన్నారు.”

“పొమ్మన్లేదు. ‘ఒక్క మాట అబద్ధమైతే మిగతా మాటలు నేనెలా నమ్మమని చెప్పనురా’ అన్నాను. వాడు ‘నాన్నా, కొన్నిచోట్ల మట్టీ గ్రంథమూ ఒకే మాట చెప్తాయి. కొన్నిచోట్ల మట్టి ఏమీ చెప్పదు. ఇక్కడ మాత్రం ఎదురు చెప్తోంది, నేనేం చెయ్యను’ అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ‘ఒక రాజు ఉన్నాడని రాయి చెప్పగలదు. ఆ రాజుతో దేవుడు మాట్లాడాడో లేదో ఏ రాయీ చెప్పదు. మీరు అడగాల్సింది నన్ను కాదు’ అన్నాడు. నాకు కోపమొచ్చింది. తలుపేసుకున్నాను.”

నిదానం లేచి పుస్తకాల అర దగ్గరికి నడిచాడు. పుస్తకాల ముందు కుండపెంకులు వరసగా పేర్చి ఉన్నాయి. అన్నిటి మీదా దుమ్ము. వరసలో ఒక్కచోట పెంకు లేదు. దాని ఆకారంలో చెక్క శుభ్రంగా కనిపిస్తోంది.

“ఇవి?”

“అప్పట్లో పనికిరావని పారేస్తుంటే తెచ్చుకున్నవి. అన్నీ ఉత్త పెంకులే.”

వాటి పక్కన ఒక ఫొటో. పెరట్లో గొయ్యి, అందులో గొంతుక్కూర్చున్న పిల్లాడు, చేతిలో తాపీ.

“మా పెరడే అది,” అన్నాడు పాస్టరు గారు. ఆయన గొంతులో మొదటిసారి కాస్త ప్రాణం వచ్చింది. “వాళ్ళమ్మ కూరగాయల మడి పాడుచేశామని ఇద్దర్నీ కలిపి తిట్టేది. పొర కింద పొర ఎలా తియ్యాలో నేర్పాను. మూసేటప్పుడు అడుగున ఆ యేటి నాణెం ఒకటి పెట్టేవాళ్ళం.”

“నాణెం ఎందుకు?”

“తర్వాత తవ్వేవాడికి తెలియాలి కదా, అక్కడ మనిషి చెయ్యి ముందే పడిందని. లేకపోతే మనం పోసిన మట్టినే పాత మట్టి అనుకుని పాపం మోసపోతాడు. జేబులోంచి జారిందనుకోకుండా మేకుతో దాని మొహం మీద అడ్డంగా ఒక గీత గీసేవాళ్ళం. మా తవ్వకం పెద్దాయన పెట్టిన పద్ధతి. ఇప్పుడెవరికీ తెలియదు.”

తలుపు దగ్గర అలికిడైంది. చనిపోయినవాడి భార్య రెండు కప్పులు పట్టుకుని లోపలికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి గానీ నడక స్థిరంగా ఉంది.

“మావయ్యగారూ, తాగండి. పొద్దున్నుంచీ ఏమీ తీసుకోలేదు. అన్నయ్యగారూ, మీరూ.”

“అమ్మా, ఆ మెసేజ్ పంపాక ఆయన ఎలా ఉన్నారు?” అని అడిగాడు నిదానం.

“ఆ రోజంతా చిన్నపిల్లాడిలా ఉన్నారు. మావయ్యగారికి ఏ స్వీటు ఇష్టమో గుర్తులేదని నన్ను సతాయించారు. తర్వాత రోజు నుంచి మాట తగ్గిపోయింది. అన్నం దగ్గర కూర్చుని పంచదార డబ్బాలో చెంచా గుచ్చుతారు, తీస్తారు, మళ్ళీ గుచ్చుతారు. ఏంటండీ ఆ పిచ్చి పని అంటే, ‘ఒకసారి కదిపింది మళ్ళీ అంతలా బిగుసుకోదు కదూ’ అన్నారు. అంతే. సెలవు రోజు పొద్దున్నే తాపీ తీసుకుని వెళ్ళిపోయారు.”

నిదానం టీ కప్పు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

“ఎవరో వాణ్ణి ఆపాలనుకున్నారు బాబూ,” అన్నాడు పాస్టరు గారు. “ఆ పేరు బయటికి రావడం ఇష్టం లేనివాళ్ళు. ఇవాళ సాయంత్రం వాణ్ణి తలుచుకోవడానికి చర్చిలో ఆదరణ కూడిక ఉంది. ఆ మెసేజ్ అందరి ముందూ చదువుతాను. నా కొడుకు నమ్మకంతో పోయాడని చెప్తాను. నాకు మిగిలింది అదొక్కటే. దానికి ముందు వాణ్ణి ఎవరు చంపారో చెప్పండి.”

“సాయంత్రం లోపల వస్తాను,” అన్నాడు నిదానం.

* * *

తవ్వకాల డైరెక్టరు రేకుల షెడ్డులో ఉన్నాడు. పెంకులు కడిగే బకెట్లు ఖాళీగా బోర్లించి ఉన్నాయి. అతను ఒక ఫొటోని పెద్దది చేయించి అట్టకి అంటిస్తున్నాడు. అరచేతిలో పట్టేంత పెంకు, ఇప్పుడు తలుపంత ఉంది. దాని మీద నల్లటి సిరాతో పాత లిపిలో నాలుగు అక్షరాలు.

“సాయంత్రం చర్చికి తీసుకెళ్ళాలి. పాస్టరు గారే అడిగారు,” అన్నాడు డైరెక్టరు, చేతులు తుడుచుకుంటూ. “ఇంతకీ మీరు నన్ను అనుమానించడానికి వచ్చారా, లేక ఎవరినైనా అనుమానించడానికి నా సాయం అడగడానికి వచ్చారా?”

“మొదటిదే. ఈ పెంకు వల్ల ఎక్కువ లాభం మీకే.”

“ఒప్పుకుంటున్నా. ఈ తవ్వకానికి డబ్బిచ్చే చర్చి ట్రస్టు వాళ్ళు దీన్ని ఆపేద్దామనుకున్నారు. గ్రంథం తప్పని తేల్చే గొయ్యికి ఎవరు డబ్బు పోస్తారు? పేరు దొరికాక ఇంకా కొన్నేళ్ళు తవ్వమన్నారు.”

“సిరా పరీక్షకి పంపారా?”

“ప్రకటన అయ్యాక పంపుదాం అన్నారు వాళ్ళు.”

“మీరేమన్నారు?”

“నేనేమీ అనలేదు.” డైరెక్టరు అట్ట మూల నొక్కాడు, అది మళ్ళీ లేచింది. “చూడండి, ఈ పనిలో ముప్పై ఏళ్ళున్నాను. శత్రురాజులు చెక్కించిన రాళ్ళ మీద బైబిలు రాజుల పేర్లు దొరికాయి, అవి నిజమైనవే. కాదనేవాడు మూర్ఖుడు. అలాగని, కూలిపోయాయని రాసున్న ప్రతి గోడా ఆ కాలంలోనే కూలిందని చెప్పేవాడు కూడా మూర్ఖుడే. చంటి ఈ రెండు రకాలూ కాదు. అందుకే వాడికి ట్రస్టులోనూ స్నేహితుల్లేరు, యూనివర్సిటీలోనూ లేరు.”

“పెంకు మీరే పెట్టారా?”

“నేను పెట్టాలనుకుంటే వాడి గోతిలో పెడతానా? వాడు మట్టిని ముక్కుతో చదువుతాడండీ. ఏ తాగుబోతు గోతిలోనో పెట్టేవాణ్ణి.”

ఆ మాటలో దాపరికం కనిపించలేదు నిదానానికి. “పెంకు ఎలా దొరికింది?”

“ఫొటో తీసే ముందు గోతి పక్కగోడని తాపీతో నున్నగా చెక్కుతాం, పొరలు బాగా కనిపించాలని. వాడే చెక్కుతున్నాడు. బూడిద పొరలో తాపీకి తగిలింది.”

“గోడలోంచి. అడుగునుంచి కాదు.”

“గోడలోంచి. ఏం?”

నిదానం బయటికి, గొయ్యి వైపు నడిచాడు.

గొయ్యి మనిషిన్నర లోతు. నిచ్చెన దిగాక పైన ఆకాశం చిన్న చతురస్రంలా మిగిలింది. గోడల మీద పొరలు పుస్తకంలో పుటల్లా ఉన్నాయి: పైన గోధుమరంగు మట్టి, కింద పసుపు, దాని కింద జానెడు మందాన నల్లటి బూడిద, ఆ కింద ఎర్రటి నేల. ప్రతి పొరకీ చనిపోయినవాడి రాతతో చిన్న చీటీ, మేకుతో గుచ్చి ఉంది. కూలింది ఒక్క గోడే. పడిన మట్టిని శవాన్ని తీసేటప్పుడు ఓ పక్కకి లాగేశారు.

నిదానం మోకాళ్ళ మీద కూర్చుని కూలిన చోట అడుగుభాగం చూశాడు. పై మట్టి విరిగినట్టుంది. కానీ బూడిద పొర విరగలేదు. తాపీతో చెక్కినట్టు నున్నటి గాట్లు, గోడ లోపలికి వెళుతున్నాయి.

“కింద ఖాళీ చేశాడు,” అన్నాడు పైకి చూస్తూ.

గట్టు మీద నిలబడ్డ డైరెక్టరు తల అడ్డంగా ఊపాడు. “అసంభవం. గోడ కింద తొలవకూడదని ఇక్కడ కొత్తవాళ్ళకి చెప్పే మొదటి మాట అది. ఆ తప్పు చేసిన కుర్రాణ్ణి చంటి అదే రోజు ఇంటికి పంపించేశాడు.”

“ఆయనకి తెలిసే చేశాడు. లోపల ఏదో వెతుకుతున్నాడు.”

నిదానం టార్చి వేసి ముఖం గోడకి ఆనించాడు. మిగిలిన బూడిదలో గుండ్రటి కన్నం ఒకటి, అడ్డంగా, చెయ్యి మోచేతి దాకా పట్టేంత. కన్నం అంచుల బూడిద గట్టిగా ఉంది. లోపల కొంత ఇంకా మిగిలిన మట్టి మాత్రం వేరు. వేలితో గుచ్చాడు. మెత్తగా దిగింది. బూడిదా గోధుమరంగు మట్టీ కలగలిసి ఉన్నాయి. ఆ రెండు పొరలకీ మధ్య పసుపు పొర ఉంది, అవి కలవడానికి దారి లేదు, ఎవరైనా కలిపితే తప్ప.

పంచదార డబ్బాలో చెంచా.

ఎవరో గోడలో కన్నం తొలిచారు. పెంకు లోపలికి తోశారు. చేతికందిన మట్టితో పూడ్చి, మెత్తి, నున్నగా చేశారు. తెల్లారి ఫొటో కోసం గోడ చెక్కుతారని వాళ్ళకి తెలుసు.

కన్నం చివర, గట్టి బూడిద మీద, నాణెమంత గుండ్రటి ముద్ర కనిపించింది. అంచు గరుకులు కూడా దిగి ఉన్నాయి. ఆ ముద్రలో ఇప్పుడేమీ లేదు.

నిదానం టార్చి ఆర్పాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

“ఏవయ్యా నిదానం, నిద్రపోయావా?” పైనుంచి గొంతు వినిపించింది. ఇన్‌స్పెక్టరు గట్టు మీద నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో పనిచేశారు. “నేను మూసేసిన కేసులో నువ్వు కూర్చుని ఏం చేస్తున్నావ్? ఇంకో గోడ కూలితే నీ కోసం ఇంకో ఫైలు తెరవాలి, నాకు ఓపిక లేదు.”

“శవం దొరికినప్పుడు చేతిలో ఏముంది?”

“కుడి చేతిలో తాపీ.”

“రెండో చేతిలో?”

ఇన్‌స్పెక్టరు గుర్తు చేసుకోవడానికి కూడా ఇష్టం లేనట్టు ముఖం పెట్టాడు. “చిల్లర. ఓ నాణెం.”

“రిపోర్టులో లేదు.”

“గోడ కూలి చచ్చిపోయినవాడి చిల్లర రిపోర్టులో ఎందుకుంటుంది? కవర్లో వేసి తండ్రికిచ్చేశాం.”

“గోతిలో పనిచేసేవాడు నాణెం చేత్తో పట్టుకుని ఏం చేస్తాడు?”

“బొమ్మా బొరుసా వేసుకున్నాడేమో, ఇంటికెళ్ళాలా వద్దా అని. బొమ్మ పడుంటే బతికేవాడు.” డైరెక్టరు ఇబ్బందిగా కదలడం చూసి ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. “చూడు, అది మంచి నాణెం కూడా కాదు. కొత్తదే, కానీ మొహం మీద అడ్డంగా గీత. కొట్టువాడు కూడా తీసుకోడు. ఆ పిడికిలి విప్పడానికి మావాళ్ళు ఎంత తంటాలు పడ్డారో నీకేం తెలుసు.”

నిదానం నిచ్చెన ఎక్కి పైకి వచ్చాడు. మోకాళ్ళకి బూడిద అంటింది. దులుపుకోలేదు.

“డైరెక్టరు గారూ, పెంకు దొరకడానికి ముందు రోజు ఇక్కడికి ఎవరొచ్చారు?”

“అది అంతకుముందు వారం సెలవు రోజు కదా. ఎవరూ...” డైరెక్టరు ఆగాడు. అతని చూపు గోతిలోకి, అక్కడినుంచి తన చెప్పుల మీదికి దిగింది. “పాస్టరు గారు వచ్చారు. చంటి లేని రోజే చూసుకుని వచ్చానన్నారు. ముసలాయన, కొడుకు పని చూడాలని. పడుచుతనంలో తట్ట మోసిన చోటు చూపించమన్నారు. కాసేపు ఒక్కణ్ణే ఉంటానంటే నిచ్చెన వేసి ఇచ్చాను. ప్రార్థన చేసుకుంటారనుకున్నా.”

“సంచి ఉందా చేతిలో?”

“బైబిలు పెట్టుకునే సంచి.”

“మీకు అనుమానం రాలేదా?”

“రాబోయింది,” అన్నాడు డైరెక్టరు. “వద్దనుకున్నాను.”

ఇన్‌స్పెక్టరు ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూశాడు. వెటకారం పోయింది. “అంటే హత్యేనా? ఎవరు? నీ మొహం చూస్తే తెలిసిపోయినట్టుంది. చెప్పు, జీపు ఇక్కడే ఉంది.”

“ఎవరూ చంపలేదు. గోడ కూలింది.”

“నేను మొదటి రోజు నుంచీ చెప్తోంది అదే కదా.”

“అదే. నువ్వే గెలిచావు.”

“ఏంటోయ్ అలా అంటావ్? గెలిచినట్టు లేదు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. నిదానం అప్పటికే దిబ్బ దిగుతున్నాడు.

* * *

దారంతా అతను ఒకటే ఆలోచించాడు: కవరు తెరవకముందే తీసుకోవాలి. దర్యాప్తుకి కావాలని చెప్పాలి. నాణెం ఒక్కటి తీసేసి, మిగతావి రేపు తిరిగివ్వాలి. ముసలాయన సాయంత్రం మెసేజ్ చదువుతాడు. పెంకు ఏదో ఒకరోజు దొంగదని తేలుతుంది. అప్పటికి ఆయన బతికి ఉండకపోవచ్చు. తండ్రి చేసిన పని కొడుక్కి తెలియకుండానే పోయిందని, కొడుకు సంతోషంగానే పోయాడని ఆయన నమ్ముతూ పోవచ్చు. అది అబద్ధం. కానీ ఎవరికి నష్టం?

గోతి అడుగున నాణెం పెట్టేవాళ్ళు అడగని ప్రశ్న అది. వాళ్ళు నష్టం ఎవరికని చూడరు, ముక్కూ మొహం తెలియనివాడు కూడా మోసపోకూడదనే చూస్తారు.

చర్చి తలుపులు తెరిచి ఉన్నాయి. లోపల బెంచీలు సర్దుతున్న చప్పుడు. వెనక గదిలో పాస్టరు గారు తెల్లటి బట్టలు వేసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. ఫోను ఒక పక్క, కవరు ఒక పక్క.

“తెలిసిందా బాబూ?”

“గోడ కింద తొలవడం వల్ల కూలిందండీ. ఎవరి చెయ్యీ లేదు.”

“వాడు అలా తొలవడు. నేను నేర్పలేదు అలా.”

“పాస్టరు గారూ, ఆ కవరు ఒకసారి నాకిస్తారా? రేపు తెచ్చిస్తాను.”

అడిగిన తీరులో ఏదో తొందర ఉంది. ఎప్పుడూ తొందరపడని మనిషి. ముసలాయన అతని ముఖం చూశాడు. తర్వాత అతని మోకాళ్ళ మీది బూడిద చూశాడు. వారం రోజులుగా పక్కనే పెట్టుకున్న చేతిని మొదటిసారి కవరు మీద పెట్టాడు.

“ఎందుకు?”

నిదానం దగ్గర జవాబు ఉంది. దార్లో తయారు చేసుకున్నాడు. కానీ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పాస్టరు గారు కవరు అంచు మెల్లగా చింపాడు. గడియారం వచ్చింది. పెన్సిలు ముక్క. మడత పెట్టిన చేతిరుమాలు. కవరు బోర్లిస్తే నాణెం జారి బల్ల మీద తిరిగి, పెన్సిలుకి తగిలి పడింది. కొత్త నాణెం. మొహం మీద అడ్డంగా గీత.

ఆయన దాని మీదికి వంగి చూశాడు.

“ఇది ఎక్కడ దొరికింది?”

“ఆయన చేతిలో.”

“ఏ చేతిలో?”

“ఎడమ.”

“మూసి ఉందా?”

“మూసే ఉందండీ. గట్టిగా.”

పాస్టరు గారు నాణెం ముట్టుకోలేదు. “అయితే వాడికి తెలుసు,” అన్నాడు.

తర్వాత ఎవరికో పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడాడు.

“ఇంటికి రావడానికి వాడికో సాకు కావాలనుకున్నాను. రమ్మని నేనే అడగొచ్చు కదా. అడగలేకపోయాను. బైబిలు బడిలో ఆ పాత లిపి ముప్పై ఏళ్ళు నేర్పాను, రాయడం కష్టం కాలేదు. పెంకు పెట్టేటప్పుడు చెయ్యి వణకలేదు. వాణ్ణి మోసం చెయ్యగలిగాను, చర్చినంతా మోసం చెయ్యగలిగాను. కన్నం మూసేటప్పుడు మాత్రం చెయ్యి జేబులోకి పోయింది. తర్వాత తవ్వేవాడు మోసపోకూడదు కదా. ఎప్పుడో వందేళ్ళకి ఎవరో తవ్వుతారనుకున్నాను. వాడే తవ్వుతాడనుకోలేదు.”

“ఆయన ఇంటికొస్తానన్నారు కదండీ.”

“అది పేరు దొరికినప్పుడు. ఇది దొరికాక?” ముసలాయన తలెత్తాడు. “దీన్ని పట్టుకుని వాడు నన్ను తిట్టడానికి వద్దామనుకున్నాడా, క్షమించడానికి వద్దామనుకున్నాడా? మీరు ఆ గొయ్యంతా చూశారు కదా బాబూ. మట్టి ఏమైనా చెప్తుందా?”

“చెప్పదండీ.”

ఆయన తల ఊపాడు. ఆ జవాబు ముందే తెలిసినట్టు, ఎప్పుడో ఇదే గదిలో విన్నట్టు.

కోడలు తలుపు దగ్గరికి వచ్చింది. “మావయ్యగారూ, అందరూ వచ్చేశారు. డైరెక్టరు గారు ఆ ఫొటో కూడా పెట్టించారు.” బల్ల మీద నాణెం చూసింది. అదేంటని అడగలేదు. కవరు తెరిచారని మాత్రం గమనించి, చేతిరుమాలు తీసుకుని ముఖానికి అద్దుకుంది.

“కాస్త లేపండి,” అన్నాడు పాస్టరు గారు నిదానంతో.

లేవడానికి చాలాసేపు పట్టింది. వెళ్ళేటప్పుడు ఫోను బల్ల మీదే వదిలేశాడు. నాణెం తీసుకున్నాడు.

నిదానం చర్చి వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. బెంచీలన్నీ నిండాయి. ముందు వరసలో ట్రస్టు వాళ్ళు, చివర్లో ఇన్‌స్పెక్టరు, టోపీ ఒళ్ళో పెట్టుకుని. వేదిక వెనక తలుపంత అట్ట నిలబెట్టి ఉంది. పెంకు. నాలుగు అక్షరాలు. డైరెక్టరు దాని వైపు చూడకుండా కూర్చున్నాడు.

పాస్టరు గారు వేదిక ఎక్కి బైబిలు ముందు నిలబడ్డాడు. తెరవలేదు.

“నా కొడుకు నాకు పంపిన మాట చదువుతానని మీకు చెప్పాను,” అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. “చదవను.”

జనం ఎదురు చూశారు. ఆయన తరువాతి మాట కోసం నోరు తెరిచాడు, అది రాలేదు. ఎవరో స్త్రీ ఏడవడం మొదలుపెట్టింది. ఇంకొకరు అందుకున్నారు. పుత్రశోకం అనుకున్నారు అందరూ. మాటలు రాని తండ్రిని చూసి వాళ్ళ గుండె కరిగింది.

ఆయన మెల్లగా వెనక్కి తిరిగి, తన తలకన్నా పెద్దవైన ఆ నాలుగు అక్షరాల వైపు చూశాడు. వాటిని రాసిన చెయ్యి పక్కన వేలాడుతోంది. ఎడమ చెయ్యి మూసి ఉంది.

మళ్ళీ జనం వైపు తిరిగినప్పుడు ఆయన ఆ పిడికిలిని పైకెత్తి, విప్పడం మొదలుపెట్టాడు.